సోమవారానికి తిరిగిపోయిన వరుస

గురువారం మధ్యాహ్నం తాండూరు కందుల కొనుగోలు కేంద్రంలో రైతుల వరుస సోమవారానికి వెనక్కి పోయింది. గోడకు బిగించిన టీవీ తెర నల్లబడి, కాసేపటికి మళ్లీ వెలిగి, ఒక నంబరును పిలిచింది. ఆ నంబరు రైతు మంగళవారమే కందులు కాంటా పెట్టించుకుని, రసీదు తీసుకుని ధారూర్ వెళ్లిపోయాడు.

యార్డులో బస్తాల మీద కూర్చున్నవాళ్లు మొదట నవ్వారు.

"ఏ, ఆయన అమ్ముకొని పోయి రెండొద్దులాయె. మల్ల పిలుస్తున్నరేంది?"

"ఫోన్ కొట్టున్రి. ఇంకోపాలి అమ్ముకుంటడేమో."

తెర రెండో నంబరును పిలిచింది. అతనూ వెళ్లిపోయినవాడే. మూడో నంబరుకు నవ్వులు ఆగిపోయాయి. ఎవరో లేచి "గట్లయితే నా నంబరేడుంది?" అన్నారు. ఆ మాట ఒకరి నోటి నుంచి ఇంకొకరికి పాకి, అందరూ నా గది కిటికీ వైపు వచ్చారు.

నేను ఊచల వెనక ఉన్నాను. అంతకు పది నిమిషాల ముందు బల్ల కింది కంప్యూటరు స్విచ్‌ను అది ఆరిపోయేదాకా నొక్కి పట్టుకున్నది నేనే.

మొదట కిటికీని చేరింది ఒక ముసలామె. బషీరాబాద్ అవతల, కర్ణాటక పొలిమేరలో ఆమె ఊరు. గొర్లు కాసే ఇంటి మనిషి. రెండెకరాల్లో కంది వేసింది. మాటల మధ్య కన్నడం దొర్లుతుంది.

"సారూ, నా వంతు రేపటికే ఉన్నది గదా? నువ్వే గదా మార్చినవ్?"

తెర మీద ఆమె నంబరు వచ్చే వారంలో ఉంది. కేంద్రానికి ఇచ్చిన కోటా నిండవచ్చిందని, శనివారం సాయంత్రంతో కొనుగోళ్లు ఆపుతారని ముందు రోజే మైకులో చెప్పారు. వచ్చే వారం వంతు అంటే వంతు లేనట్టే. బయట వ్యాపారికి అమ్మితే తక్కువకు పోతాయి.

"చూస్తున్న అవ్వా" అన్నాను. ఇక చూడటానికి ఏమీ లేదని అప్పటికే తెలుసు.

నేను ఆ కుర్చీలోకి ఎలా వచ్చానో చెప్పాలి. వికారాబాద్‌లో చాలా ఏళ్లు ఒక దినపత్రికకు విలేకరిగా పనిచేశాను. జిల్లా పేజీలు తగ్గుతూ తగ్గుతూ ఒక పేజీలో సగమయ్యాయి. ఒకనాడు నా వార్త రాలేదు. ఆ వారమంతా రాలేదు. ఎవరూ నన్ను తీసేశామని చెప్పలేదు. తెలిసినాయన ఒకరు ఈ పని చూపించారు. పొద్దున రైల్లో తాండూరు పోవడం, సాయంత్రం రైల్లో తిరిగి రావడం. మధ్యలో ఒక గది, ఒక తెర.

రైతుల వరుస ఆ కంప్యూటరులో ఉండేది. అన్నింటినీ మెమరీలోనే పెట్టుకునే రకం డేటాబేస్ అది. అందుకే చాలా వేగం. కాకపోతే కంప్యూటరు ఆరిపోతే మెమరీలో ఉన్నదంతా పోతుంది. అందుకని అది కొంతసేపటికోసారి తన దగ్గరున్న దాన్ని డిస్కు మీద నకలు రాసుకుంటుంది. ఆరిపోయి లేస్తే ఆ నకలు చూసుకుని మొదలుపెడుతుంది.

నా పని దాని పరిస్థితి కనిపెట్టి ఉండటం. చిన్న ఆదేశం ఒకటి కొడితే అది తన సంగతి తానే వరుసగా చెబుతుంది: లేచి ఎంతసేపైంది, ఎన్ని ఫోన్లు, తెరలు దానికి తగులుకుని ఉన్నాయి, మెమరీ ఎంత వాడింది, చివరి నకలు ఎప్పుడు రాసింది, ఆ తరవాత ఎన్ని మార్పులు జరిగాయి. గంటకోసారి అది చదివి హైదరాబాద్‌లో ఉన్న ఇంజినీరు అమ్మాయికి మెసేజ్ పంపాలి. లేచి టీ తాగడానికి వీల్లేదని కాదు. లేచినప్పుడే ఏదైనా అయితే నా మీదికి వస్తుంది. అందుకని టీ కూడా ఊచల సందులోంచే తెప్పించుకునేవాణ్ని.

పత్రికలో ఉన్నప్పుడు డెస్కు నుంచి ఫోన్ వస్తే ఒకటే ప్రశ్న అడిగేవారు: నిన్నటికీ ఇవాళటికీ తేడా ఏమిటి? చెరువులో నీళ్లు నిన్న ఎంతో నేడూ అంతే ఉంటే వార్త లేదు. ఆ అలవాటు నాకు ఎముకల్లోకి దిగింది. ప్రతి గంటా తెర మీది వరుసలను కిందటి గంటవాటితో పోల్చి, మారినవి పంపేవాణ్ని. మెమరీ పెరిగింది, పంపాను. తగులుకున్నవాళ్లు తగ్గారు, పంపాను. చివరి నకలు ఎప్పుడు రాసిందో చెప్పే చోట గడియారం సమయం ఉండదు, పదంకెల సంఖ్య ఉంటుంది. మంగళవారం పొద్దున నేను కూర్చున్నప్పుడు అది ఎంతో, సాయంత్రానికీ అంతే. బుధవారమూ అంతే. దాని కింద 'err' అని మూడక్షరాల ఇంగ్లిష్ మాట ఒకటి ఉంది, నకలు పడలేదని దాని అర్థమట; అదీ మారలేదు. మారలేదు కాబట్టి పంపలేదు. నకలు తరవాత జరిగిన మార్పుల సంఖ్య మాత్రం వేలల్లో పెరుగుతూ పోయింది. పని జోరుగా సాగుతోందని రాసి అది పంపాను. ఇంజినీరు అమ్మాయికి ఇలాంటి కేంద్రాలు ఇంకెన్నో ఉన్నాయి. బొటనవేలు బొమ్మ తిరిగొచ్చింది.

గురువారం తెర మొరాయించింది. నంబరు నొక్కితే చాలాసేపు తిరిగి తిరిగి జవాబిచ్చేది. ఫోన్ చేస్తే ఆమె "ఒకసారి ఆపి ఆన్ చేయండి అంకుల్" అంది. ఆపమని ఆదేశం కొట్టాను. అది ఆగనంది. ఎర్ర అక్షరాల్లో ఏదో చెప్పింది. నకలు రాసుకోలేకపోతున్నాను, ఆపితే అంతా పోతుంది అని చెబుతోందని తరవాత తెలిసింది. అప్పుడు బయట రైతులు కిటికీ మీద కొడుతున్నారు. నేను స్విచ్ నొక్కి పట్టుకున్నాను.

కంప్యూటరు తిరిగి లేచాక ఆమెకు ఫోన్ చేశాను.

"అంకుల్, చివరి సేవ్ ఎప్పుడైందో ఆ నంబరు చదవండి."

పది అంకెలూ చదివాను.

"అది సోమవారం సాయంత్రం అంకుల్. డిస్కు నిండిపోయింది. అప్పటి నుంచి నకలు పడలేదు. మీరు రోజూ స్టేటస్ పంపుతున్నారు కదా?"

"మారినయి పంపిన అమ్మా. అది మారలే."

"అంకుల్, అది మారకపోవడమే ప్రమాదం" అంది. తరవాత గొంతు తగ్గించి, "నేను కూడా అడగలేదు" అంది. బయటివాళ్లకు టెక్నికల్ ప్రాబ్లమ్ అని చెప్పమంది.

చెప్పాను. అదే మాట అధికారులు నాకు చెబితే ఎన్నిసార్లు రాసుకున్నానో లెక్క లేదు.

"ఏం ప్రాబ్లమ్? పేపరోనివి గదా, మాకర్థమయ్యేటట్టు చెప్పు" అన్నాడొకాయన ఊచలు పట్టుకుని.

"ఫికర్ చెయ్యకున్రి. నంబర్లన్నీ మల్ల ఎక్కిస్తం."

"ఎప్పటిదాంక? శనివారందాంకనా?"

గొడవ పెరిగింది. సెంటర్ ఇన్‌చార్జి వచ్చి నా గది తలుపు బయట నుంచి గొళ్లెం పెట్టాడు. "జరసేపు లోపట్నే ఉండున్రి సార్, మీ మంచికే" అన్నాడు. సాయంత్రం దాకా గొళ్లెం తియ్యలేదు. కిటికీ తప్ప దారి లేదు, కిటికీ నిండా మొహాలు. వాళ్లకు మాత్రం దారి ఉందా? బస్తాలు వదిలి పోలేరు. అద్దె ట్రాలీలు ఎప్పుడో వెళ్లిపోయాయి. నాపరాళ్ల నేల మీద నాలుగు రోజులుగా వాళ్లకు పడక, వంట అన్నీ అక్కడే.

అమ్ముకుని పోయినవాళ్లకు రసీదుల నకళ్లు ఉన్నాయి. వాళ్లను తీసేశాం. సోమవారం తరవాత చేరినవాళ్లకు ఫోన్లో మెసేజ్ ఉంది. ఒక్కొక్కరి ఫోనూ ఊచల్లోంచి తీసుకుని, నంబరు చూసి ఎక్కించాను. దొరకనివి మార్పిళ్లు మాత్రమే. మా యార్డులో వంతు మార్చుకోవడం మామూలే. ఒకరింట్లో చావు, ఒకరికి పెళ్లి, ఒకరి బర్రె ఈతకు వచ్చింది. ఇద్దరూ కలిసి కిటికీ దగ్గరికి వచ్చి చెబితే నేను అటుది ఇటు చేసేవాణ్ని. దానికి మెసేజ్ పోదు. చేతిరాత జాబితా పెట్టొద్దని పైనుంచి ఆర్డర్. అంతకుముందు చేతిరాత జాబితాలున్నప్పుడు పైరవీలు నడిచాయట. కాబట్టి మార్పిళ్లు మెమరీలోనే ఉండేవి, లేదంటే మనుషుల నోట్లో.

ఇద్దరూ యార్డులో ఉన్నచోట ఇబ్బంది రాలేదు. "అవును, ఇచ్చిన" అన్నారు, మళ్లీ మార్చాను. మిగిలింది ముసలామెది. ఆమెకు వంతు ఇచ్చినాయన బొంరాస్‌పేట వైపు పటేల్. బుధవారం పొద్దున ఇద్దరూ కలిసే వచ్చారు. శుక్రవారం తన తమ్ముడి బిడ్డ నిశ్చితార్థమని, వచ్చే వారం అమ్ముకుంటానని ఆయన అన్నాడు. కేంద్రం మూసేస్తారన్న కబురు అప్పటికి ఎవరికీ తెలియదు. మైకులో చెప్పింది ఆ సాయంత్రం. నేను నొక్కాను. తెర మీద గుండ్రం తిరుగుతూ ఉంది.

"ఆయ్తా సారూ?" అంది ఆమె.

"అయింది అవ్వా, పోయి కూసో" అన్నాను. వెనకాల ఇంకా పదిమంది ఉన్నారు.

శుక్రవారం పటేల్ ఫోన్ ఎత్తలేదు. ఆ వంతును ఇన్‌చార్జి శనివారానికి ఆపి ఉంచాడు. శనివారం పొద్దున ఆయన తెల్లబట్టల్లోనే వచ్చాడు. ముసలామె ఎదురు పోయింది.

"పటేలా, నువ్వే చెప్పు. నాకిచ్చినవా లేదా?"

"ఇస్తనన్న అవ్వా, లేదంటలేను. గప్పుడు మూసేస్తరని నాకెర్కనా? నా కందులు గూడ గీడనే ఉన్నయి."

"అన్నంక అన్నట్టే గదా!"

"అన్నది నేను. మార్చేది సారు. మార్చిండో లేదో సారునే అడుగు."

ఇన్‌చార్జి నావైపు తిరిగాడు. "రికార్డుల లేదు సార్. మీరు మార్చిన్రని చెప్తె నేను ఒప్పుకుంట. మీ మాట మీద ఆమెది కాంటా పెడ్త. సంతకం పెట్టున్రి."

ఆమె ఊచలు పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది. పటేల్ యార్డు వైపు చూస్తున్నాడు. అవునంటే సరిపోయేది. కానీ గుండ్రం ఆగి పని అయినట్టు నేను చూడలేదు. ఆ రోజుల్లో అలా తిరిగి తిరిగి కానివి కూడా కొన్ని ఉన్నాయి. నాకు బాగా గుర్తున్నది నేను "అయింది" అనడం ఒక్కటే.

"నొక్కిన. అయిందో లేదో చూడలే" అన్నాను.

ఇన్‌చార్జి కాగితం మడిచాడు. పటేల్ బస్తాలను హమాలీలు కాంటా మీదికి ఎత్తారు. ఆయన వాటి వెనకే పోతూ ఒకసారి ఆగి, "బుధవారం నువ్వే అయిందంటివి గదా సారూ" అన్నాడు. ఎత్తిపొడుపులా అనలేదు. ముసలామె కొంగుతో మొహం తుడుచుకుని తన బస్తాల దగ్గరికి పోయి కూర్చుంది. సాయంత్రం కాంటాకు తాళం వేశారు.

నేను ఇంకా రోజూ తాండూరు పోతున్నాను. యార్డు ఖాళీ అయినా కంప్యూటరును చూడటానికి ఒక మనిషి ఉండాలట. గంటకోసారి ఇప్పుడు అన్ని వరుసలూ పంపుతున్నాను, మారినవీ మారనివీ. వారానికి రెండుసార్లు ముసలామె షేరింగ్ ఆటోలో వస్తుంది. "తెరుస్తరా సారూ?" అంటుంది. తెలియదంటాను. ఎలుకలు కొట్టకుండా బస్తాల చుట్టూ వేపాకు చల్లి, వచ్చిన ఆటోలోనే వెళ్లిపోతుంది.

కోటా పెంచుతారని ఒకరంటున్నారు, లేదని ఒకరంటున్నారు. ఉత్తర్వు రాలేదు. ఆమె పదకొండు బస్తాలు యార్డు షెడ్డులోనే ఉన్నాయి. బుధవారంనాటి ఆ మార్పిడి డేటాబేస్‌లోకి ఎక్కిందో లేదో తేల్చే ఆధారం ఏదీ మిగల్లేదని ఇంజినీరు అమ్మాయి రాతపూర్వకంగా పంపింది.