ఆఖరి పడవ మావయ్య

మా కొల్లేటికోట మావయ్య ఏలూరులో ఏ సినిమాకొచ్చినా ముగింపుకు ముందే తలకు మఫ్లర్ చుట్టుకుని లేచేవారు. లంకలోని వాళ్ళ ఊరికి ఆఖరి పడవ అందుకోవాలి మరి. విలన్ చచ్చాడో లేదో మర్నాడు ఎవరినో అడిగి తెలుసుకునేవారు.

సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజుల్లో, ఓ డిసెంబరులో, ఏలూరులో తొలిసారి ఫిల్మ్ ఫెస్టివల్ పెట్టారు.

"రాత్రికి మా ఇంట్లో పడుకుందురు గాని, ఈసారి చివరిదాకా చూడండి మావయ్యా" అన్నాను.

మఫ్లర్ ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు. తెర మీద ఓ ముసలాయన మంచులో నడిచి నడిచి, అలిగి వెళ్ళిన కూతురి ఇంటికి చేరి తలుపు తట్టాడు. తలుపు తెరుచుకోకుండానే సినిమా అయిపోయింది.

నిర్వాహకుడు ఆత్రంగా వచ్చి, "ఎలా ఉందండీ?" అన్నాడు.

మావయ్య మఫ్లర్ చుట్టుకుంటూ, "బాగుందండీ. తీసినాయనది కూడా కొల్లేటికోటేనాండీ?" అన్నారు.