రుమాలు తెల్లగానే ఉందని

మొన్న పొద్దున పేపరు విప్పగానే మధ్యలోంచి ఒక రంగుల కాగితం జారి ఒళ్లో పడింది. పటాన్‌చెరు దగ్గర ఉన్న ఒక ప్రైవేటు కాలేజీది. మందుల ఫ్యాక్టరీల్లో పనికి మూడేళ్ల కోర్సు, చదువు అయిపోగానే ఉద్యోగం ఖాయం అంటూ, తెల్లకోట్లు వేసుకుని నవ్వుతున్న పిల్లల ఫోటోతో అచ్చు వేశారు. పేరు మార్చుకున్నారు గానీ బిల్డింగు అదే, మెట్ల పక్కన నీలం గోడ కూడా అదే. చేతిలో చాయ్ చల్లారిపోయింది గానీ నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఈ పక్క ఫ్యాక్టరీల్లో చెమటోడ్చిన మన వయసువాళ్లకు నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. కాజీపల్లిలో ఒక మందుల కంపెనీలో చేరేనాటికి నాకు పదో తరగతి కూడా పూర్తికాలేదు. మాత్రలు కొట్టే మిషన్ మీద ఒక ముసలి ఫిట్టరు ఉండేవాడు, ఉత్తరాది మనిషి, హిందీలో తిట్టడం మొదలుపెడితే షిఫ్టు అయ్యేదాకా ఆపేవాడు కాదు. ఆ తిట్లు తింటూనే ఏ బోల్టు ముందు విప్పాలో, ఏ చప్పుడు వస్తే మిషన్ ఆపెయ్యాలో నేర్చుకున్నాను. నేర్చుకున్నన్నాళ్లూ నెల తిరిగేసరికి జీతమూ చేతికొచ్చేది, అది వింతని అప్పుడు ఎవరికీ అనిపించలేదు.

మా పనిలో అన్నిటికన్నా పెద్దది శుభ్రం. ఒక మందు చేయడం ముగించి ఇంకో మందు మొదలుపెట్టే ముందు మిషన్‌ను ముక్కముక్కలుగా విప్పి కడిగి, ఆరాక తెల్లగుడ్డతో సందుసందునా తుడిచి చూడాలి, గుడ్డకు ఇసుమంత మరక అంటినా మళ్లీ మొదటినుంచి కడగాలి. ఏళ్ల తరబడి అదే పని చేసిన నాకు మిషన్ మంచిదా కాదా అన్నది ఆ గుడ్డే చెప్పాలి. ఇంట్లో స్టవ్ కింద కూడా వేలు పెట్టి చూసి మా ఆవిడ చేత చీవాట్లు తిన్న రోజులున్నాయి.

వెలిమెలలో ఉన్న మా చెల్లెలి బిడ్డ ఇంటర్ పాసైన ఏడు ఈ కాలేజీ మాట వచ్చింది. ఆ ఇంట్లో అంత చదివింది ఆ పిల్లే. ఫీజు కట్టాలంటే మా బావ బోరు పక్కనున్న మూడు గుంటల భూమి అమ్మాలి, కూరగాయలు పండేది ఆ చెక్కలోనే. బావ తేల్చుకోలేకపోయాడు. చివరికి చెల్లెలు నా దగ్గరికి వచ్చి, “అన్నా, నువ్వు ఫ్యాక్టరీల ఉన్నోనివి, ఒకపారి పోయి సూసి చెప్పు. నువ్వు మంచిదంటెనే చేర్పిస్తం” అంది. నాకు ఎంత గర్వమనిపించిందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. టై కట్టుకున్న ఒకాయన ఎంతో మర్యాదగా లోపలికి తీసుకెళ్లి చూపించాడు. అచ్చం మా ఫ్యాక్టరీలో ఉన్నటువంటి మిషనే, అద్దంలా మెరుస్తోంది. నేను జేబులోంచి రుమాలు తీసి, మోకాళ్ల మీద కూర్చుని మరీ, దాని కింద, వెనక, సందుల్లో తుడిచాను. రుమాలు తెల్లగానే ఉంది. మా కంపెనీలోనే ఇంత శుభ్రం ఎప్పుడూ చూడలేదనుకుంటూ తిరిగొచ్చి, నిశ్చింతగా చేర్పించమని బావకు చెప్పాను. ఆ నెలలోనే మూడు గుంటలూ పోయాయి.

మూడేళ్లు రెండు బస్సులు మారి వెళ్లొచ్చింది ఆ పిల్ల, ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదు. చదువు ముగిశాక మా కంపెనీకే ఉద్యోగ పరీక్షకు వచ్చింది. మిషన్ విప్పి మళ్లీ బిగించాలి, పక్కన నిలబడి మార్కులు వేసేవాణ్ణి నేనే. మా పిల్ల అని ముందే చెప్పి తప్పుకోవలసింది, కానీ తను చేస్తుంటే కళ్లారా చూడాలని ఆశపడ్డాను. మిషన్ ముందు నిలబడి పానా అటు తిప్పింది, ఇటు తిప్పింది, ఎక్కడ పెట్టాలో తెలియలేదు. చెమటలు పట్టాయి. చివరికి నా వైపు తిరిగి, మెల్లగా, “కాలేజీల దానికి కరెంటే ఇయ్యలే మామా. మేం సూసుడే గని ఎన్నడు ముట్టనియ్యలే” అంది.

ఒక్కనాడూ నడవని మిషన్‌కు మరక ఎక్కడినుంచి వస్తుంది? ఆ రోజు మోకాళ్ల మీద కూర్చుని అన్నీ తుడిచి చూసినవాణ్ణి, దాని వైరు ఎక్కడికి పోతోందని ఒక్కసారి తలెత్తి చూడలేదు. మురికి వెతకడం తప్ప నాకు ఇంకేం తెలుసు! ఆ పూట నా చేత్తోనే సున్నా వేసి కాగితం ఇచ్చేశాను.

తర్వాత కాంట్రాక్టరు కింద ప్యాకింగులో చేరి డబ్బాలకు లేబుళ్లు అంటించింది, ఇప్పటికీ అదే పని. పక్కన నిలబడి అంటించేవాళ్లలో పదో తరగతి తప్పినవాళ్లూ ఉన్నారు. ఆ కాలేజీవాళ్లు మాత్రం ఉద్యోగాలు వచ్చినవాళ్ల లెక్కలో తన ఫోటో కూడా గోడకు పెట్టుకున్నారు. నేను అడగడానికి వెళ్తే అదే మర్యాదతో మంచినీళ్లిచ్చి పంపారు.

జీతం తీసుకుంటూ పని నేర్చుకున్న తరం మనది. ఇప్పటి పిల్లలు చేను అమ్మి డబ్బు కడుతున్నా వాళ్ల చేతికి పానా ఇచ్చేవాడు లేడు. కాలం ఇంత మారిందని తెలియకుండానే పెద్దమనిషినని తీర్పు చెప్పాను. మా చెల్లెలు గానీ, బావ గానీ, ఆ పిల్ల గానీ ఇన్నేళ్లలో నన్ను ఒక్కమాట అనలేదు, తిట్టినా బాగుండేది.

పోయిన నెల వాళ్లింటికి వెళ్లాను. చెల్లెలి మనవడు, పెద్దకొడుకు కొడుకు, పదో తరగతి పాసయ్యాడని, ఏ కాలేజీలో వేద్దామని అందరూ కూర్చుని గట్టిగా మాట్లాడుకుంటున్నారు, గొంతులు వాకిట్లోకే వినబడుతున్నాయి. నేను గడప దాటగానే మాట ఆగిపోయింది. నా మేనకోడలే లేచి కుర్చీ వేసి, “జెర కూసో మామా, చాయ్ పెడ్త” అంది. చాయ్ తాగి, వానల సంగతి మాట్లాడి వచ్చేశాను.