కాగితాల బాబాయ్ నోరు విప్పిన రోజు

మా ఆయన పుస్తకాల కంపెనీలో ఇరవై ఆరేళ్లు పనిచేశారు. అచ్చు వేయమని రచయితలు పంపే కట్టలు విప్పి, అంకె వేసి, అరల్లో పేర్చడం ఆయన పని. ఆఫీసులో అందరికీ ‘కాగితాల బాబాయ్’. ఆయన పోయి తొమ్మిది నెలలైంది.

అక్కడ ఎవరు ఏది పంపినా మూడు ప్రతులుండాలి. ముగ్గురు చదివి, ఎవరి ప్రతి మీద వాళ్లు సంతకం పెట్టాలి. నూటికి తొంభై నచ్చేవి కావు. నచ్చనివాటిని ఆరు నెలలు దాచి, యంత్రంలో ముక్కలు చేయాలి. సాయంత్రం మోచేతుల దాకా కాగితపు పొట్టుతో వచ్చేవారు.

“ఏం, ఇవాళ ఎన్ని చెట్లు కొట్టేశారు?” అని వేళాకోళమాడేదాన్ని.

ఆయన నవ్వేవారు కాదు.

ఒకరోజు కొత్త మేనేజరు, ఇకమీదట రాతలన్నీ కంప్యూటర్లోనే పంపాలన్నాడట. “కాగితం ఆగిపోతే నీ గది మూసేస్తాం బాబాయ్. నీ సంగతి అప్పుడు చూద్దాం” అని కూడా అన్నాడట. అమ్మాయి చదువు ఇంకా రెండేళ్లుంది. ఆ రాత్రి ఇద్దరికీ ముద్ద దిగలేదు.

పార్సెళ్లు ఆగాయి. వాటిని మోసుకొచ్చే బండీ ఆగింది. కానీ ఆరు నెలలు తిరిగేసరికి పొట్టు బస్తాలు తగ్గకపోగా పెరిగాయి. సంతకం పెట్టడానికి కాగితం కావాలి కదా! అందుకని వచ్చిన ప్రతిదాన్నీ ఆఫీసువాళ్లే కాగితం మీద మూడేసి ప్రతులు తీసి చదువుతున్నారు. పంపడం తేలికయ్యేసరికి వచ్చేవీ రెట్టింపయ్యాయి.

“అయితే మీ ఉద్యోగానికి ఢోకా లేదన్నమాట. మాట్లాడకుండా ఊరుకోండి” అన్నాను.

“ఊరుకునే ఉన్నానే. కానీ...”

“కానీ లేదు, గీనీ లేదు. అమ్మాయి చదువు మధ్యలో ఆగితే మీ చెట్లొచ్చి చదివిస్తాయా?”

నెల రోజులు బిగబట్టుకున్నారు. తర్వాత ఆ నెల బస్తాలన్నీ పార్సెల్ కాటా మీద తూచి, బరువు చీటీ మీద రాసుకుని మేనేజరు దగ్గరికి వెళ్లారు. పదకొండు బస్తాలు.

చీటీ చూసి మేనేజరు, “ఏంటి బాబాయ్, కూర్చున్న కొమ్మే నరుక్కుంటున్నావ్?” అన్నాడట.

“నరకొద్దనే కదండీ చెప్తున్నా” అన్నారట ఈయన.

అప్పటినుంచి చదవడమూ సంతకమూ కంప్యూటర్లోనే అయ్యాయి. గది మూశారు. ఈయన్ని పుస్తకాలు కట్టే చోట వేశారు. జీతం అదే, కానీ పొద్దస్తమానం నిలబడే పని. కాళ్లు వాచిపోయేవి. కాపడానికి వేడినీళ్లు పెట్టేదాన్ని గాని, మాట్లాడేదాన్ని కాదు. అమ్మాయి చదువు ఆగలేదు. అయినా నా కోపం తగ్గలేదు.

మొన్న ఆయన చొక్కా, కళ్లజోడు తెచ్చుకుందామని ఆఫీసుకు వెళ్లాను. మేనేజరే లేచి వచ్చి, ఆ పాత గది తీసి చూపించాడు. అరలన్నీ ఖాళీ. మూలన ఒక్క బస్తా, అదీ సగమే.

“నెలంతటికీ ఇంతేనమ్మా” అన్నాడు.

ఆ బస్తా మీద చెయ్యి వేశాను. మీరు చేసింది మంచి పనే అని, ఆయన అలా నిలబడి పనిచేసిన రెండేళ్లలో ఒక్కసారైనా అనలేకపోయాను. వేడినీళ్ల గిన్నె ఆయన కాళ్ల దగ్గర పెట్టేటప్పుడు అని ఉంటే సరిపోయేది.