మా మామ తోలిన హనీమూన్

మా మామ గోపయ్యకు హైదరాబాద్ చుట్టూ ఉన్న ప్రతి పార్కూ తెలుసు. ఎక్కడ కారు ఆపితే మధ్యాహ్నం మూడింటి దాకా నీడ ఉంటుందో, ఏ గేటు పక్కన తాగేనీళ్ల నల్లా ఉందో, ఏ హోటల్లో ప్యాసింజర్లను తెచ్చిన డ్రైవర్‌కు చాయ్ ఊరికే పోస్తారో అడక్కుండానే చెబుతాడు. అడిగినదానికి మాత్రం చెప్పడు. ఈ సంగతి నాకు పెళ్లయిన ఇరవయ్యో రోజున తెలిసింది. ఆ తర్వాత మూడు రోజులు నా ఒళ్లు మండుతూనే ఉంది.

అది 2012 జూన్. మా ఆయన రవీందర్‌ది ఎయిర్‌పోర్ట్‌లో సామాన్లు ఎక్కించి దించే పని, షిఫ్టుల ఉద్యోగం. శంషాబాద్‌లో మా అత్తగారిల్లు రెండు గదులు. మధ్యలో తలుపు లేదు, పరదా ఉంది. పరదాకు అవతల మామ, అత్త అమృతమ్మ. అందుకని మా ఆయన నాతో ఏం మాట్లాడినా గుసగుసగానే మాట్లాడేవాడు. మంచినీళ్లు అడిగినా గుసగుసే. పెళ్లయి ఇరవై రోజులైనా నా మొగుడి గొంతు ఎట్లా ఉంటుందో నాకు సరిగ్గా తెలియదంటే నమ్మండి.

ఇంకో వారంలో ఆషాఢం. కొత్త కోడలు అత్తింట ఉండకూడదని నన్ను రావిర్యాలలో మా అమ్మగారింటికి పంపేస్తారు. నెలంతా ఆయన మొహం చూసేది లేదు. ఈలోపల ఆయనకు మూడు రోజుల సెలవు దొరికింది. ఆ మూడు రోజులు మేమిద్దరమే ఎక్కడికైనా పోయి గట్టిగా మాట్లాడుకోవాలి. నాకు కావలసింది అంతే, అంతకుమించి ఏమీ లేదు.

ఊటీ, గోవా మా తాహతుకు కావు. ఆదివారం పేపర్లలో వచ్చిన ప్రకటనలు కత్తిరించి పెట్టుకుని నేనే ఒక ప్లాన్ రాశాను. మొదటి రోజు గండిపేట వైపు ఓషన్ పార్క్. రెండో రోజు స్నో వరల్డ్, దాని పక్కనే లుంబినీ పార్కులో పడవ. మూడో రోజు పొద్దంతా ఫిల్మ్ సిటీ. రోజూ పొద్దున పోవడం, పొద్దుగూకేసరికి ఇల్లు చేరడం. మా ఆయన ఆ కాగితం చదివి "మస్తుంది" అని గుసగుసలాడాడు. అక్కడితో ఆగితే బాగుండేది. తీసుకుపోయి వాళ్ల నాన్నకు చూపించాడు.

మామ కాగితాన్ని చెయ్యంత దూరం పెట్టి చదివాడు.

"గివన్ని నాకు తెల్వని జాగలా? నేనే తోలుకపోత" అన్నాడు.

"నీకెందుకు బాపూ పరేషాన్? మేం బస్సుల పోతం" అన్నాడు మా ఆయన, నేలచూపులు చూస్తూ.

"ఇంట్ల కారు పెట్టుకొని బస్సెక్కుతవురా? నలుగురు నవ్వరా? నాలుగేండ్లసంది ఎంతమంది కొత్త జంటలను తిప్పిన. నా ఇంట్ల జంటను తిప్పనా?"

మా ఆయన తల వంచుకున్నాడు. పెళ్లిపీటల మీద నేను కూడా అంత తల వంచుకోలేదు.

మామ సంగతి కొంచెం చెప్పాలి. ఇప్పుడు విమానాలు దిగే చోట ఆయనకు మూడెకరాల చెలక ఉండేది. మక్క, జొన్న వేసేవాడు. ఎయిర్‌పోర్ట్ వచ్చినప్పుడు భూమి పోయింది, వచ్చినదాంట్లో ఒక ఇండికా కొన్నాడు. నలభై ఏడేళ్ల వయసులో డ్రైవింగ్ నేర్చుకున్నాడు. నాగలి మేడి పట్టిన చేతులకు స్టీరింగ్ పట్టడం అలవాటు కావడానికి ఏడాది పట్టిందని అత్త అంటుంది. అప్పటినుంచి విమానం దిగినవాళ్లను ఊరంతా తిప్పుతూ ఉన్నాడు. కారు డిక్కీలో ఒక చాప, నీళ్ల క్యాన్, తువ్వాల ఎప్పుడూ ఉంటాయి. ఎవరినీ కసురుకోడు. ఎవరైనా కసురుకుంటే నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా చిరాకు.

ఆ రాత్రి కూర్చుని నా ప్లాన్‌ను తిరగరాశాడు. ఓషన్ పార్కుకు పోయే దారిలో బుద్వేల్ తగులుతుంది కాబట్టి అక్కడ వాళ్ల చెల్లె శివమ్మ ఇంట్లో పది నిమిషాలు. స్నో వరల్డ్ దగ్గర కారు ఆపడం కష్టం కాబట్టి ఎనిమిదింటికే బయలుదేరాలి. ఫిల్మ్ సిటీలో ఎడమ పక్క ఆపితే నీడ.

"లోపల ఏమేముంటయి మామా? ఏది ముందుగాల చూడాలె?" అని అడిగాను.

"మస్తుంటది బిడ్డా" అన్నాడు. "గేటు ముంగట నల్లా ఉంటది. నీళ్లు చల్లగుంటయి."

మొదటి రోజు నేను పెళ్లినాటి గాజులు, కొత్త చుడీదార్ వేసుకుని బయటికి వచ్చేసరికి మా ఆయన ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. తండ్రి చూస్తుండగా పెళ్లాం పక్కన కూర్చోవడానికి సిగ్గు. వెనక సీట్లో నేను, అత్త కట్టిచ్చిన టిఫిన్ డబ్బా. హనీమూన్‌కు బయలుదేరింది మేమిద్దరమే, నేనూ డబ్బా.

కారు కదిలాక చూస్తే డ్రైవర్ ముందుండే అద్దం పైకప్పును చూస్తోంది. విరిగిందేమో అనుకున్నాను. బుద్వేల్‌లో దిగినప్పుడు మా ఆయనను అడిగితే చెప్పాడు. "కొత్త జంట ఎక్కితే బాపు అద్దం పైకి మలుపుతడు. వాళ్లు జర ఫ్రీగ కూసుంటరని."

"వెనక నేనొక్కదాన్నే ఉన్న గదా!" అన్నాను. ఆయన వెనక్కి చూసి, ఎవరూ వినలేదని తెలుసుకుని, అప్పుడు నవ్వాడు.

శివమ్మ అత్త పది నిమిషాలు అనే మాట ఎప్పుడూ విన్నట్టు లేదు. కొత్త జంట గడప తొక్కితే తినకుండా ఎట్లా పోతారని కోడిని కోయించింది. కోడి ఉడికేలోపల పక్కింటివాళ్లు, ఆ పక్కింటివాళ్లు వచ్చి నన్ను చూశారు. తిన్నాక బట్టలు పెట్టాలంది. బట్టలు కొనడానికి ఆమె కొడుకు రాజేంద్రనగర్ పోయాడు. మేము ఓషన్ పార్కు గేటు ముందు నిలబడేసరికి నాలుగున్నర దాటింది.

"ఇగ మూసే యాళ్లైతది. ఇప్పుడు టికెట్ తీసుకుంటే దండుగ" అన్నాడు మామ. గోడ మీదుగా నీళ్ల జారుడుబండ పైకొస మాత్రం కనిపిస్తోంది. దాని మీదినుంచి ఎవరో కేకలు పెడుతూ జారారు. నాకు ఏడుపొచ్చింది. మామ నా చెయ్యి పట్టుకున్నంత పని చేసి పార్కింగ్‌లో యాపచెట్టు చూపించాడు. "గా చెట్టు కింద ఎంత ఎండకైన పండుకోవచ్చు బిడ్డా."

రెండో రోజు పొద్దున ఆరింటికి మామ ఫోన్ మోగింది. పాత ప్యాసింజర్, ఎప్పుడొచ్చినా మామనే పిలుస్తాడట. "రెండు గంటల్ల వస్త, తయారుండుండ్రి" అని పోయాడు. విమానం ఆలస్యం. మేం తయారై, గుమ్మంలో కూర్చుని, పదకొండు దాకా చూశాం. చెమటకు నా పౌడర్ కారిపోయింది.

"నడువు, బస్సుల పోదాం" అన్నాను.

"బాపు బాధపడ్తడు" అని గుసగుస.

"మరి నేను బాధపడ్త లేనా?"

ఆ మాట గట్టిగా అన్నానని ఆయన పరదా వైపు చూశాడు. అత్త లోపల బియ్యం ఏరుతోంది. ఏరడం ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది. మామ మూడున్నరకు వచ్చాడు, చేతిలో మామిడిపండ్ల సంచీతో. నాకు ఒక పండు కోసి ఇచ్చాడు. తినలేదు. పస్తుంటే నాకే నష్టమని తెలిసి కూడా తినలేదు.

మూడో రోజు మిగిలింది ఫిల్మ్ సిటీ. ఈసారి ఔటర్ రింగ్ రోడ్డు మీద పోతాం కాబట్టి దారిలో ఏ మేనత్తా లేదని లెక్క వేసుకున్నాను. మా అమ్మను మర్చిపోయాను. తుక్కుగూడ దాటాక మామ వేగం తగ్గించాడు.

"రావిర్యాల వస్తుంది. తల్లిగారింటి ముంగటికెళ్లి పోతూ ఆగకపోతే మర్యాద గాదు. నిన్ననే మీ అమ్మకు ఫోన్ చేసిన. ఉప్మా చేసి పెడ్తనన్నది. పది నిమిషాలు."

ఆయన చెయ్యి ఇండికేటర్ మీదికి పోయింది.

"ఆపొద్దు!" అని అరిచాను.

మామ నా నోట విన్న మొదటి పెద్ద మాట అదే. మా ఆయన బిగుసుకుపోయాడు. మామ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రావిర్యాలకు దిగే దారి పక్కనుంచి వెళ్లిపోయింది. అమ్మ ఫోన్ చేసింది. కట్ చేశాను. వారంలో ఆమె దగ్గరికే పోయి నెల రోజులు ఉండాలి, అప్పుడు ఎంత ఉప్మా అయినా తింటాను. ఇంతా చేసి నాకు గెలిచినట్టు లేదు. మామ అద్దం ఇంకా పైకప్పునే చూస్తోంది, ఆయన మొహం నాకు కనిపించలేదు.

ఫిల్మ్ సిటీలో ఎడమ పక్కనే ఆపాడు. నీడ ఉంది. ఇక లోపలికి కూడా మా వెంట వస్తాడని, ఏ సెట్టు ముందు ఎంతసేపు నిలబడాలో చెబుతాడని నేను పళ్లు కొరుకుతున్నాను. మా ఆయన టికెట్ల దగ్గరికి పోతూ అన్నాడు.

"బాపూ, నీకు గూడ తీసుకుంటున్న."

"నాకెందుకురా? డ్రైవర్లకు లోపలికి ఉండదు."

"గట్లెవలన్నరు? టికెట్ తీసుకుంటే ఎవలైన పోవచ్చు."

"ఏమో రా. ఇన్నేండ్లల్ల ఏ డ్రైవర్ పోంగ చూడలే" అన్నాడు నవ్వుతూ. అప్పటికే డిక్కీ తీసి చాప బయటికి లాగాడు. "మీరు పోండ్రి. నేను ఈడనే ఉంట."

దాచుకోవడం ఎందుకు, నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు టికెట్లే తీసుకుని లోపలికి నడిచాం. పది అడుగులు వేశాక ఆయన తిరగరాసిన ప్లాన్ గుర్తొచ్చింది. నీడ, నల్లా, చాయ్, యాపచెట్టు. అన్నీ గేటుకు ఇవతలివే. ఈ మనిషి నాలుగేళ్లుగా ఎన్ని వందల జంటలను తెచ్చి దించాడో, ఒక్క పార్కూ చూడలేదు. నేను లోపల ఏముంటుందని అడిగినప్పుడు "మస్తుంటది" అన్నాడే, అంతకంటే ఆయనకు తెలియదు. అంతకంటే చెప్పమని నేను మొహం ముడుచుకున్నాను.

కోపం వచ్చింది. ఈ ఒక్క రోజు కూడా నన్ను సంతోషంగా ఉండనివ్వడా ఈయన, అని.

లోపల ఎర్ర బస్సులో తిప్పారు. ముందు గోడ మాత్రమే ఉన్న ఇళ్లు, వెనక ఏమీ లేని వీధులు చూశాం. ఆ తర్వాత పైకి ఎత్తి కింద పడేసే ఊయల ఎక్కాం. అది పైకి పోగానే మా ఆయన గొంతు చించుకుని "బాపో!" అని అరిచాడు. నేను మొదటిసారి విన్న నా మొగుడి గొంతు అది. దిగాక నవ్వలేక చచ్చాను. అప్పటినుంచి ఆయనకు గుసగుస పోయింది. ఒక అరుగు మీద కూర్చుని రెండు గంటలు గట్టిగా మాట్లాడాడు, చిన్నప్పుడు చెలకలో పిట్టలను కొట్టిన సంగతులు, షిఫ్టులో పెట్టెలు జారిపడ్డ సంగతులు. నాకు కావలసింది దొరికింది. కాకపోతే గట్టిగా మాట్లాడితే ఆయనది అచ్చం మామ గొంతు. నేను కళ్లు మూసుకుని వింటే పక్కన ఎవరు కూర్చున్నారో చెప్పలేను.

సాయంత్రం బయటికొస్తే కారు కడిగి ఉంది. టిఫిన్ డబ్బాలో మా ఇద్దరి వాటా అట్లాగే ఉంది. మా ఆయన ముందు సీట్లో కూర్చోగానే నిద్రపోయాడు. కారు ఔటర్ మీదికి ఎక్కింది. అప్పుడు మామ మెల్లగా అడిగాడు.

"లోపల ఏముంటది బిడ్డా? ప్యాసింజర్లు అడుగుతరు. నాకు ఏం చెప్పాల్నో తెల్వక మస్తుంటది అంట."

నేను సీటు అంచుకు జరిగి కూర్చున్నాను. మొదటినుంచి మొదలుపెట్టాను. బస్సు ఎర్రగా ఉంటుందని, పైకప్పు ఉండదని, కుడి పక్క కూర్చుంటే బాగా కనిపిస్తుందని చెప్పాను.

"లోపల ఒక ఎయిర్‌పోర్ట్ గూడ ఉంది మామా. ఉత్తది. ముంగట గోడ ఒక్కటే."

"ఇమానాలు దిగయా?"

"దిగవు. సినిమాలు తీసుకునేటందుకే."



"మనకాడ గూడ గోడొక్కటే కట్టుకొని పోతే మంచిగుండేది" అన్నాడు. "నా మక్క చెలక నాకుండేది."

నవ్వాడో లేదో నాకు తెలియదు. అద్దం పైకి ఉంది. రావిర్యాల బోర్డు దగ్గరపడుతోంది. పొద్దుటి అరుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

"మామా, ఆపుండ్రి. అమ్మోళ్లింటికాడ జరసేపు కూసొని పోదాం" అన్నాను. "పొద్దుగాల నేను గట్ల అనకుండ ఉండాల్సింది."

దారిలో చుట్టాలిల్లు కనిపిస్తే ఆపకుండా పోలేని మనిషి. ఆ రోజు మాత్రం ఇండికేటర్ ముట్టుకోలేదు.

"ఇయ్యాల వద్దు బిడ్డా. ఆడ కూసుంటే ఈ ముచ్చట ఆడికే ఆగుతది."

రావిర్యాలకు దిగే దారి మళ్లీ పక్కనుంచి వెళ్లిపోయింది. మామ చెయ్యి పైకెత్తి అద్దాన్ని కిందికి, నా మొహం కనిపించేటట్టు తిప్పుకున్నాడు.

"బస్సు దిగినంక ఎటు పోయిండ్రు?" అన్నాడు.