కంబానికి కట్టిన కాపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అలసిపోయానని ఎవరూ అనేవాళ్ళు కాదు. అంటే పని ఆగిపోతుందని భయమో, అనడానికి కూడా తీరిక లేకనో, నాకు తెలియదు. ఇప్పుడు నేను పొద్దస్తమానం ఆ మాటే అంటున్నాను. వినేవాళ్ళు దొరక్క నా మోకాళ్ళకే చెప్పుకుంటున్నాను.

దీనికంతటికీ కారణం పెరట్లోని గొడ్ల కొట్టం. దాన్ని మళ్ళీ కొత్తగా కడుతున్నారు. ఇనుము కోసే చప్పుడు, సిమెంటు దుమ్ము, వెల్డింగు వాళ్ళకు వేళకు టీలు. పాత వేప కంబాలు పీకేసి ఇనుప గొట్టాలు నాటుతున్నారు. పెంకులు పోయి రేకులు వచ్చాయి. మట్టి నేల పోయి కాంక్రీటు వచ్చింది, దాని మీద ఆవులకు రబ్బరు పరుపులట. ఆవులకు పరుపులు! మా అమ్మ బతుకంతా చాప మీదే గడిచిపోయింది. సరే, కాలం అలా ఉంది, నేనేమీ అనను. నడుం నొప్పి ఒక్కటే నన్ను ఊరుకోనివ్వడం లేదు.

ఈ కొట్టాన్ని మొదటిసారి బాగుచేసింది మా నాయన. అప్పటికి నేను బడికి పోయే పిల్లని. కోయంబత్తూరు నుంచి పళని పోయే దారిలో ఉంటుంది మా ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బళ్ళోనూ తమిళమే. ఇంట్లో మాట్లాడే తెలుగును చదవడం మా ఊళ్ళో ఎవరికీ రాదు. కాబట్టి మన పద్ధతి, మా మాటలో మురై, ఏమిటని సందేహం వస్తే తెరిచి చూసుకోవడానికి పుస్తకం ఉండదు, ముసలివాళ్ళ నోరే పుస్తకం. మనవాళ్ళు తుంగభద్ర దాటి వచ్చినప్పటి నుంచీ ఇంతే అని ఒక్క మాట అన్నారంటే, మిల్లులు నడిపే ఆసాములు కూడా మారుమాట్లాడకుండా చెప్పులు విప్పేవాళ్ళు. ఈ సంగతి మా అవ్వకు, నాయన తల్లికి, బాగా తెలుసు.

నాయనకు స్పిన్నింగు మిల్లులో రాత్రి షిఫ్టు. తెల్లవారి సైకిలు మీద ఇల్లు చేరి, గంజి తాగి, తువ్వాలు తలకు చుట్టుకుని కొట్టం పనిలోకి దిగేవాడు. కంబాల మొదళ్ళు నేలలోనే చెదలు తినేసి పుచ్చిపోయాయి. కప్పు ఒక పక్కకు వాలిపోయింది. దీపావళి వచ్చే ఐప్పసి నెల వానలు దగ్గరపడుతున్నాయి, ఆవు నిండు చూలుతో ఉంది. కూలివాళ్ళను పెట్టుకునే స్తోమత లేదు. వడ్రంగం చేసే ఆచారి ఒక్కడే వచ్చేవాడు. గుంటలు తవ్వడం, తాటి వాసాలు దించడం, కొత్త దుంగల మొదళ్ళకు తారు పూయడం, అన్నీ నాయనే. వాన పడేలోపు, ఆవు ఈనేలోపు అనేది ఆయనకు జపమైపోయింది. మధ్యాహ్నం గోడకు ఆనుకుంటే అలాగే తల వాల్చేసేవాడు, మరుక్షణం ఎవరో గదమాయించినట్టు ఉలిక్కిపడి లేచేవాడు.

ఆ రోజుల్లోనే మిల్లులో ఒకాయన నిద్రమత్తులో యంత్రంలో చెయ్యి పెట్టి వేళ్ళు పోగొట్టుకున్నాడు. నాయనే ఆ కబురు చెప్పాడు, గంజి తాగుతూ, ఎక్కడో దూరదేశంలో జరిగినట్టు. అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. మర్నాడు నాయన బాడిసతో దుంగ చెక్కుతూ చెక్కుతూ కళ్ళు మూసేశాడు. బాడిస జారి ఆయన పాదం పక్కనే మట్టిలో దిగింది. నేను చూశాను, అవ్వా చూసింది.

అమ్మ ఏడ్చి బతిమాలింది, ఒక్క పూటైనా నడుం వాల్చమని. నాయన ఆమె వైపు తిరగనైనా తిరగలేదు. “నేను పండుకుంటే కంబం ఎవురు నిలబెడతారు, మీ అన్నా?” అన్నాడు. అవ్వ లేచి లోపలికి పోయింది.

ఆ మర్నాడు నడి కంబం నాటారు. కొట్టం బరువంతా మోసేది అదే. నాయనా ఆచారీ దాన్ని గుంటలో దించి, చుట్టూ రాళ్ళు వేసి మట్టి దట్టించారు. తలస్నానం చేసిన అవ్వ తడి కొంగుతో వచ్చి, వేపాకు పెట్టి పసుపు దారం ఒకటి కంబానికి చుట్టింది. అందులో వింతేమీ లేదు. తర్వాత నాయన వైపు తిరిగి చెయ్యి చాపమంది. ఆయన ఆలోచించకుండా చాపాడు. రెండో దారం ఆయన మణికట్టుకు ముడిపడింది.

మా పక్క మారియమ్మ పండగకు ఇలాగే కాపు కడతారు. కాపు కట్టించుకున్నవాడు పండగ ముగిసేదాకా ఊరి పొలిమేర దాటకూడదు. దాటితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే దాటి చూసినవాడు లేడు. పండగ కాపు సంగతి నాయనకు తెలుసు. కంబం కాపు గురించి మాత్రం ఆయన ఎన్నడూ వినలేదు.

“నడి కంబానికి కాపు కట్టినోడు, అది మన్ను పట్టేదాకా ఊరు దాటగూడదు, ఇనుము ముట్టగూడదు. దాని పక్కనే పండుకోవాల. మనోళ్ళు తుంగభద్ర దాటొచ్చిన కాడినుంచీ ఇదే మురై,” అంది అవ్వ.

“ఇన్నేండ్లలో ఎప్పుడూ చెప్పలేదేమ్మా?”

“ఇన్నేండ్లలో నువ్వెప్పుడు నడి కంబం నాటినావురా?”

నాయన ఆచారి వైపు చూశాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎన్ని కొట్టాలు కట్టినవాడో ఆ మనిషి. ఆచారి అవ్వను చూశాడు, నాయన ఎర్రటి కళ్ళను చూశాడు. “ఆమా సామీ, మీ ఇండ్ల మురై అదే,” అని ఉలీ సుత్తీ సంచిలో వేసుకుని, మన్ను పట్టినాక కబురు పెట్టమని వెళ్ళిపోయాడు. మిల్లుకు పక్కింటి మామ చేత కబురు పంపారు. కాపు కట్టించుకున్నాడనగానే అక్కడా ఎవరూ నోరెత్తలేదట. కాపుతో వాదించే మగాడు మా పక్క ఇంకా పుట్టలేదు.

నాయన కంబం పక్కన చాప వేసుకుని మొదట కాపలావాడిలా బిగుసుకుని పడుకున్నాడు. అమ్మ నీళ్ళ చెంబు తెచ్చేలోపే గురక మొదలైంది. అబ్బ, ఏం నిద్ర అది! ఈగలు వాలినా కదల్లేదు, ఆవు వచ్చి తలకట్టు వాసన చూసినా కదల్లేదు. అవ్వ పక్కన కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుతూనే ఉంది. పొద్దు వాలాక ఒకసారి కళ్ళు తెరిచి, కంబం మన్ను పట్టిందా అని అడిగాడు. అవ్వ లేచి కంబాన్ని రెండు చేతులతో ఊపి చూసింది. కొండలా నిలబడి ఉంది అది. “ఇంకా లేదురా,” అంది. ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. అమ్మ కొట్టం వెనక్కి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ దారం అవ్వ పాత చీర అంచులోదని నేను కనిపెట్టాను. చెవిలో అడిగితే అవ్వ దాచలేదు. “నేను చెప్తే మీ నాయన వినడే. అందుకే తాతల పేరు పెట్టినా. వాళ్ళని అడిగొచ్చేదానికి ఎవురు పోతారు?” అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి, “నా బిడ్డ వేళ్ళు నాకు కావల్ల,” అంది.

వాన రాకముందే కొట్టం లేచింది, ఆవు దాని కిందే ఈనింది. నాయన మణికట్టు మీద ఆ దారం పని అయిపోయాక కూడా చాలా రోజులుంది, చివికి దానంతట అదే తెగిపోయేదాకా ఆయన తీయలేదు. తర్వాత పక్కింటివాళ్ళు కాపు కట్టారు, ఆ పక్కవాళ్ళూ కట్టారు. మొన్నామధ్య ఒక పెళ్ళిలో బాగా చదువుకున్న పెద్దమనిషి ఒకాయన కంబం కాపుకు అర్థం ఏమిటో నాకు విడమరిచి చెప్పాడు. నేను నోట్లో లడ్డు పెట్టుకుని తలూపాను.

నిన్న చివరి ఇనుప గొట్టం నాటారు. కాంక్రీటు తడపాలి కదా అని నేను బకెట్టుతో నీళ్ళు మోస్తున్నాను. వద్దని నా కొడుకు రెండుసార్లు అరిచి ఫోనులో పడిపోయాడు. నా కోడలు కోయంబత్తూరు టౌనులో, ఆర్.ఎస్. పురంలో పెరిగిన పిల్ల, పెళ్ళికి ముందు ఆవును దగ్గరగా చూసి ఎరగదు. ఇప్పుడు ఆవులకు సూది కూడా తనే వేస్తుంది. ఆ పిల్ల వచ్చి నా చేతిలోంచి బకెట్టు తీసుకుంది. “అత్తా, చెయ్యి చాపండి,” అని ఒక పసుపు దారం కట్టింది.

“కాంక్రీటు గట్టిపడేదాకా ఇంటి పెద్దామె నీళ్ళు మోయగూడదంట, మంచం దిగగూడదంట. మన మురై అత్తా.”

“ఎవురు చెప్పినారు అమ్మణీ?”

“తుంగభద్ర దాటినప్పటి నుంచీ అంట కదా,” అంది, నా ముఖం చూడకుండా.

దారం వైపు చూశాను. తవుడు మూట కుట్టిన దారం అది. పసుపు ఇంకా ఆరలేదు, నా చర్మానికి అంటుకుంది. నాకు నవ్వొచ్చింది, నవ్వుతోపాటు కన్నీళ్ళూ వచ్చాయి. మా నాయన ఆ రోజు అవ్వ మాట నమ్మి మోసపోయాడనే ఇన్నేళ్ళూ అనుకున్నాను. కాదు, ఆయనకు తెలుసు. మణికట్టు మీద ఉన్నది సొంత తల్లి చీర అంచని తెలియని కొడుకు ఉంటాడా? తెలిసే కళ్ళు మూసుకున్నాడు.

నేను పోయి మంచం మీద పడుకున్నాను. కాసేపటికి కళ్ళు తెరిచి, కాంక్రీటు గట్టిపడిందా అని కేకేశాను.

“ఇంకా లేదత్తా,” అంది పెరట్లోంచి.