డేగ ముద్ర ఉన్న కాగితాలు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ వందనాలు. పొయ్యి ముట్టించాలంటే చేతులు వణికే ఆడమనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను అలాంటిదాన్ని అయిపోయాను. కువైట్ నుంచి ప్రాణాలతో తిరిగొచ్చిన ఆ ఏడు, "రాహేలు గండం గడిచి వచ్చింది" అని ఊరంతా నన్ను చూడటానికి వస్తుంటే, నేను మాత్రం అగ్గిపుల్ల గీసినప్పుడల్లా ఒళ్ళంతా చెమటలు పట్టి, ముద్ద గొంతు దిగక, మోకరిస్తే "తండ్రీ" అన్న మాట తర్వాత రెండో మాట రాక, పుల్లలాగా ఎండిపోయాను. ఎందుకంటే నా నోటితో నేనొక అబద్ధం చెప్పి ఉన్నాను, అది కువైట్ నుంచి కడప దాకా నాతోనే వచ్చింది. దానినుంచి దేవుడు నన్నెలా విడిపించాడో, అందుకు తాయారక్క అనే మహాతల్లిని ఎలా వాడుకున్నాడో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

తాయారక్కది కోనసీమ. మన విశ్వాసం కాదు, శుక్రవారం దీపం పెట్టుకునే మనిషి. ఇంటర్ దాకా చదివి, పెళ్ళయి, భర్త వెనకాలే కువైట్ వచ్చి, షర్క్ అనే పేటలో ఒక క్లినిక్‌లో రక్తపరీక్షల గదిలో గాజుగొట్టాలు కడిగే పనికి కుదిరింది. అందరం కడుగుతాం, కడిగి బోర్లిస్తాం, ఇంటికి పోతాం! ఆమె మాత్రం ఈ గొట్టంలో ఏముంది, ఈ రంగు ఎందుకొచ్చింది అని అడిగీ అడిగీ, ముప్పై దాటిన వయసులో సాయంత్రం కళాశాలలో జీవశాస్త్రం డిగ్రీలో చేరింది. పగలంతా పని, సాయంత్రం చదువు, మధ్యలో వంట. ఎన్నడూ విసుక్కోవడం నేను చూడలేదు.

నేను మిష్రిఫ్‌లో ఒక విల్లాలో ఇంటిపని చేసేదాన్ని. మామా, అంటే మా యజమానురాలు, శుక్రవారం ఒక పూట సెలవిచ్చేది. బస్సెక్కి షర్క్ పోయి, మార్కెట్లో చేపలు కొని, తాయారక్క గదిలో కూర్చుని నేను పొలుసు తీస్తుంటే అక్క పుస్తకం తెరిచేది. ఇంగ్లీషులో ఒకసారి చదివి, అదే మళ్ళీ తెలుగులో నాకు చెప్పేది.

"నీకు చెబితే నాకు గుర్తుంటాదే, రాహేలూ."

"నాకు గుర్తుంటే ఎవురికి లాభమక్కా, నేనేమన్నా పరీచ్చ రాచ్చానా?"

"ఏమో, ఎవరు చూడొచ్చారు? ఊఁ, కప్ప గుండెకి గదులెన్ని?"

"మూడు."

"మరి నీ గుండెకి?"

"నాలుగు. అన్నిట్లో నీ పాఠాలే!"

అక్క పడీ పడీ నవ్వేది. అక్షరం ముక్క రాని నాకు దేవుడు జ్ఞాపకం మాత్రం ధారాళంగా ఇచ్చాడు, ఒకసారి విన్నది మరిచిపోను. అలా రెండేళ్ళు ఆ పుస్తకాలన్నీ చేపల పొలుసులతోపాటు నా ఒళ్ళో పడ్డాయి. మార్కులు వచ్చినప్పుడు అవి కూడా ముందు నాకే చదివి వినిపించేది.

రెండేళ్ళయ్యేసరికి అక్క భర్త ఇల్లు సర్దడానికి ముందుగా ఇండియా వెళ్ళాడు. అక్క మూడో ఏడు మన రాష్ట్రంలోని పెద్ద విశ్వవిద్యాలయంలో చదవాలని పట్టుబట్టింది. బయట చదివినవాళ్ళను నేరుగా మూడో ఏడులోకి తీసుకునేది ఇద్దరినే. మొదటి నుంచి చేరదామంటే ఆమె వయసు దాటిపోయింది, అంటే ఆ రెండు సీట్లలో ఒకటి రావాలి, లేకపోతే చదువు అక్కడితో ఆఖరు! అందుకని మార్కుల కాగితాలన్నిటి మీదా కువైట్ ప్రభుత్వం ముద్ర వేయించి, పచ్చ ఫైలులో పెట్టుకుంది. రెక్కలు చాచిన డేగ, దాని నడుమ తెరచాప ఓడ, అదీ ఆ ముద్ర. నాకు చదువు రాకపోయినా ఆ బొమ్మ బాగా తెలుసు.

ఇక పంపడమే తరువాయి అనగా, ఆగస్టు మొదట్లో ఒక తెల్లవారుజామున ఇరాక్ సైన్యం వచ్చి పడింది. మామా వాళ్ళు వేసవికని కైరో వెళ్ళి ఉన్నారు, అంత విల్లాలో నేనొక్కదాన్నే. షర్క్‌లో ట్యాంకులు తిరుగుతున్నాయని అక్క ఒక చేతిసంచి, ఆ పచ్చ ఫైలు పట్టుకుని నా దగ్గరికి వచ్చేసింది. ఫైలు నా చేతికిచ్చి, "ఇది నీ దగ్గరుంచవే, నాకంటే నువ్వే జాగ్రత్త" అంది. సహోదరులారా, ఆ మాట గుర్తుపెట్టుకోండి!

కొన్ని వారాలు గడిచాయి. మనవాళ్ళను బస్సుల్లో పంపిస్తారట అని తెలిసింది. నా పాస్‌పోర్టు కఫీల్, అంటే నన్ను పనికి రప్పించుకున్న యజమాని, బీరువాలో ఉంది, తాళం మామా దగ్గర ఉంది. పాస్‌పోర్టు లేనివాళ్ళకు ఎంబసీలో వేరే కాగితం ఇస్తారంటే, "నీకు భాష రాదు, దారిలో ఆపితే బెదిరిపోతావు, నేనెళ్ళి తెస్తాను" అని అక్కే బయలుదేరింది. ఆ ఎండలో, నా కాగితం కోసం, ఆమె వరుసలో నిలబడి ఉన్న గంటలోనే నేను ఆ పని చేశాను.

మిట్టమధ్యాహ్నం పక్క విల్లాలో వంట చేసే బంగ్లాదేశ్ అతను గోడ మీద నుంచి తల పెట్టి గసపోస్తూ, "దీదీ, సబ్ జలా దో, అన్నీ కాల్చెయ్! కువైట్ రాజు అమీర్ ఫోటో దొరికిందని మా ఇంటి కుర్రవాణ్ణి ఇరాక్ వాళ్ళు పట్టుకుపోయారు, డేగ బొమ్మ ఉన్నది ఒక్కటి కూడా ఉంచొద్దు, ఖలాస్!" అని దిగిపోయాడు. మజ్బూస్ అనే మాంసం అన్నం వండే పెద్ద దేక్సా పెరట్లో పెట్టి, గోడమీది ఫోటో, పిల్లల పుస్తకాలు, డేగ కనబడిన ప్రతిదీ అందులో వేసి కిరసనాయిలు పోసి అంటించాను. అప్పుడు పచ్చ ఫైలు గుర్తొచ్చింది. తెరిచి చూస్తే ప్రతి కాగితం మీదా డేగే! ఒక్క నిమిషం ఆగాను. ఇవి అక్క రెండేళ్ళ కష్టమని నాకు తెలుసు. బియ్యం డబ్బాలో దాచవచ్చు, నీళ్ళ ట్యాంకు వెనక దాచవచ్చు. నేను దాచలేదు. గేటు దగ్గర జీపు ఆగిన చప్పుడు వినబడింది, వేసేశాను. అక్కను కాపాడటానికే వేశానని తర్వాత ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను గానీ, దేవుని ఎదుట నిజం చెబుతున్నాను, నా ప్రాణానికి భయపడి వేశాను.

లోపలికి వచ్చింది ఒకే ఒక్క సైనికుడు, నూనూగు మీసాలవాడు. నీళ్ళడిగాడు. ఉన్న రొట్టె ఇస్తే నిలబడే తిన్నాడు, రేడియో చంకన పెట్టుకున్నాడు, "షుక్రన్" అని వెళ్ళిపోయాడు. ఒక్క అర తెరవలేదు! ఒక్క గది చూడలేదు!

సాయంత్రం తాయారక్క ముఖం కమిలిపోయి, నా కాగితం రెండు చేతులతో పట్టుకుని నవ్వుకుంటూ వచ్చింది. "ఇదిగోనే, నువ్వు ఇంటికెళ్ళిపోవచ్చు" అంది. ఆ నవ్వు చూసి నా నోరు అబద్ధం వైపు తిరిగిపోయింది. "అక్కా, మిలిటరీవోళ్ళొచ్చి నీ ఫైలు ఎత్తుకపోయినారక్కా" అని ఏడ్చాను. అక్క మెట్టు మీద చతికిలబడి, దేక్సాలోని బూడిద వైపు చూసి, "నిన్నేం చెయ్యలేదు కదా? చెయ్యి అదీ పట్టుకున్నారా?" అని అడిగింది. లేదన్నాను. "హమ్మయ్య" అని నా తల నిమిరింది. ఆ చెయ్యి నా తలమీద నిప్పులా ఉంది.

తర్వాత బస్సులు, బాగ్దాదు, జోర్డాను సరిహద్దులో ఇసుకలో గుడారాలు. నీళ్ళ లారీ వస్తే జనం ఒకరి మీద ఒకరు పడేవాళ్ళు, తాయారక్క మాత్రం తన వంతు తెచ్చి ముందు నాకు పట్టేది. పగలు గుడారంలో కూర్చుని, "రాయడానికి కాగితం లేదు, నువ్వు వినవే, మరిచిపోతానేమో" అని మొదటి పాఠం నుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది. అంతా పోయిన మనిషి, ఆ ఎడారిలో, వానపాము గురించి చెబుతోంది! తడబడినచోట నేను అందించేదాన్ని. అందిస్తూనే లోపల చచ్చిపోయేదాన్ని.

ఇండియా చేరి ఎవరి ఊరికి వాళ్ళం వెళ్ళిపోయాం. కొన్ని నెలలకు అక్క దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, మా పాస్టరమ్మగారు చదివి వినిపించారు. కువైట్ కళాశాల నుంచి జవాబు లేదు, కాగితాలు ఎలా పోయాయో ప్రమాణపత్రం ఇస్తే విశ్వవిద్యాలయం వాళ్ళు ఆలోచిస్తారట, చూసినదానివి నువ్వే కనుక వచ్చి వేలిముద్ర వెయ్యమని. రైల్లో అంతదూరం ఎలా పోయానో నాకు తెలియదు.

కోర్టు ముందు రేకుల పందిట్లో టైపు కొట్టే ఆయన కాగితం చదివాడు, "ఇరాక్ సైనికులు బలవంతంగా లాక్కుపోయినారు" అని. సిరా డబ్బా తెరిచాడు. నా బొటనవేలు నల్లగా అయింది. కాగితానికి జానెడు దూరంలో చెయ్యి ఆగిపోయింది, ముందుకు పోదు, వెనక్కి రాదు. అప్పుడు, సహోదరీలారా, నెలల తర్వాత నా నోట ప్రార్థన వచ్చింది! "తండ్రీ, ఈ వేలు నువ్విచ్చిందే. దీనితో నేను అబద్ధం ముద్ర వేస్తే రేపు నీ ముందు ఏ చెయ్యి చాచాలి? అక్క చదువు పోతుందేమో, అక్క నన్ను వదిలేస్తుందేమో, నాకు భయంగా ఉంది. నా నోరు నువ్వే తెరువు తండ్రీ." అంతే, అక్కడే బెంచీ పక్కన కూలబడి, "ఎవురూ ఎత్తుకపోలేదక్కా, నేనే కాల్చినా, డేగ బొమ్మ సూసి బయపడి నా సేతులారా కాల్చినా" అని మొత్తం చెప్పేశాను.

తాయారక్క ముఖంలో నెత్తురు లేదు. టైపు ఆయన వైపు తిరిగి, "ఆ కాగితం తీసెయ్యండి బాబూ, కొత్తది పెట్టండి" అంది.

"అమ్మా, ఈ కథ చెబితే సీటిస్తారా? సైనికులన్నదే గట్టిగా ఉంది, దాన్ని కదపకండి."

"జరిగింది కొట్టండి. ఆయ్, జరిగింది జరిగినట్టే."

బస్టాండు దాకా ఆమె నాకంటే ముందు నడిచింది. అక్కడ సోడా కొని నా చేతికిచ్చి, "ఒసే పిచ్చిమొహమా, నాకు పోయింది కాగితాలే. నువ్వు ఇన్నాళ్ళూ అన్నం తినలేదటే?" అంది. అప్పుడు చూడాలి నా ఏడుపు! బస్టాండంతా మా వైపే తిరిగింది. ఆ సాయంత్రం తాయారక్క ఇంట్లో పొయ్యి నేనే అంటించాను, చెయ్యి వణకలేదు. దేవునికే మహిమ!

విశ్వవిద్యాలయంలో ముగ్గురు పెద్దలు కూర్చుని ఉన్నారు. సాక్షిని కనుక నన్ను కూడా పిలిచారు. మధ్యలో ఉన్న కళ్ళద్దాల ఆయన ఒక కట్ట చూపించి, "యుద్ధం నుంచి వచ్చినవాళ్ళ దరఖాస్తులమ్మా ఇవన్నీ. అందరి కాగితాలూ సైనికులే పట్టుకుపోయారు. నిజమో కాదో మాకెలా తెలుస్తుంది? నా స్నేహితురాలే కాల్చింది అని రాసింది మీరొక్కరే. ఇలాంటిది ఎవరూ కల్పించి రాయరు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "చదువు రాదన్నావు, మరి కాలినవి ఏ చదువు కాగితాలో నీకెలా తెలుసు?" అన్నాడు.

నేను కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. మొదటి ఏడు వానపాము, బొద్దింక, కప్ప, రక్తంలో కణాలు, రెండో ఏడు మొక్కల వేళ్ళలో నీళ్ళు ఎలా ఎక్కుతాయి, పిండం ఎలా పెరుగుతుంది, ఏ పాఠం తర్వాత ఏ పాఠం, దేనికి ఎన్ని మార్కులు, అన్నీ వరుసగా చెప్పుకుంటూ పోయాను. రసాయనశాస్త్రానికి డెబ్బై ఒకటి అన్నాను. అక్క దరఖాస్తులో డెబ్బై ఆరని రాసి ఉందట! ఆ పెద్దాయన ఆమె వైపు చూశాడు. తాయారక్క లేచి నిలబడి, "అయితే డెబ్బై ఒకటేనండీ, దాని జ్ఞాపకం తప్పదు, నాదే తప్పయ్యుంటాది, దిద్దుకోండి" అంది. ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు.

ఊరికే ఇవ్వలేదు సీటు! రెండు రోజులు రాత పరీక్ష, ఒకరోజు ప్రయోగం పెట్టారు. పెద్ద పెద్ద కళాశాలల నుంచి వచ్చిన ఇరవై ఏళ్ళ పిల్లల మధ్య, ముప్పై నాలుగేళ్ళ మనిషి, కొంగు నడుముకు దోపి కూర్చుని రాసింది. నేను బయట వరండాలో మోకరించి ఉన్నాను. ఆ రెండు సీట్లలో ఒకటి తాయారక్కదే! తర్వాత ఎన్నో ఏళ్ళు ఆమె టీచరుగా పిల్లలకు పాఠాలు చెప్పింది. ఆమెకు మొదటి శిష్యురాలిని నేనే, ఆఖరి శిష్యురాలిని కూడా నేనే, ఎందుకంటే రిటైరయ్యాక నా చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించింది. కువైట్ మళ్ళీ నిలదొక్కుకున్నాక కళాశాల నుంచి మార్కుల నకలు కూడా వచ్చింది. రసాయనశాస్త్రం డెబ్బై ఒకటి!

ప్రియులారా, చెబితే అంతా పోతుందని గుండెల్లో దాచుకున్నది మీలో ఎవరికైనా ఉంటే, నాలాగా ఎండిపోకండి, ఆయన దగ్గర విప్పెయ్యండి, తర్వాత చెప్పవలసిన మనిషి దగ్గరికి వెళ్ళి చెప్పెయ్యండి. నమ్మి నోరు తెరవండి, మిగతాది ఆయన చూసుకుంటాడు. నేను నోరు తెరిచాను, నా తండ్రి నాకు పొయ్యిని, ప్రార్థనను, మా అక్కను తిరిగి ఇచ్చాడు. ఆయనకు నా నిండు వందనాలు.

ఈ సాక్ష్యం మొత్తం నేనే రాశాను, తాయారక్క పక్కన కూర్చుని తప్పులు దిద్దింది. కింద వేలిముద్ర వెయ్యడం లేదు, సంతకం పెడుతున్నాను.

రాహేలు