ఉప్పుగాలి బ్యాండ్ మణి

మణిది నరసాపురం. చర్చిలో హార్మోనియం వాయిస్తూ పెరిగింది. రెండువేల ఒకటిలో మాస్టర్స్ చదవడానికి టెక్సాస్ వచ్చింది. చదువయ్యాక డల్లాస్ పక్కన లాస్ కొలీనాస్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంటు, ఆదివారం తెలుగు చర్చిలో కీబోర్డు. బతుకు అలాగే సాగిపోయేదే. కానీ ఒక శనివారం పాత సామాన్ల కొట్లో ఎనభైల నాటి సింథసైజర్ కీబోర్డు ఆమె కంటబడింది. రెండు మీటలు పలకవు. మిగతావి నొక్కితే మాత్రం రేవులో గాలి రేకుల షెడ్డును కోసుకుంటూ పోయినట్టు ఓ శబ్దం.

ఆ వారమంతా కారులో ఆ కాలపు ఇంగ్లీషు న్యూవేవ్ పాటలే విన్నది. చల్లగా మోగే సింథ్, గంతులేసే బేస్, ఏడవాల్సిన మాటను కూడా తలెగరేసి చెప్పే గొంతు. ఇది తెలుగులో ఎందుకుండకూడదనుకుంది. అనుకున్నాక ఊరుకునే మనిషి కాదు.

చర్చి పాటల బృందంలో ఫెబీ ఉండేది. డల్లాస్‌లో పుట్టి, అప్పుడే కాలేజీలో చేరిన పిల్ల. గొంతు కంచు, కానీ 'ళ' ఎంత ప్రయత్నించినా పలకదు. దాని అన్న ఎవాన్ డ్రమ్స్ వాయిస్తాడు. ముగ్గురూ సామాన్లు దాచుకునే ఒక స్టోరేజ్ గది అద్దెకు తీసుకుని, షట్టర్ దించి, చెమటలు కక్కుతూ సాధన చేశారు. బ్యాండుకు 'ఉప్పుగాలి' అని పేరు పెట్టి, పాటలు రాసింది మణే. హైవే మీద దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోయి మళ్లీ వెనక్కి తిరగడానికి ఒప్పుకోని ఆడమనిషి మీద రాసిన పాటంటే ఫెబీకి ప్రాణం.

రెండువేల ఏడులో ఊళ్లోని తెలుగు సంఘం సంబరాల్లో వాళ్లకు పావుగంట దొరికింది. సంఘం సాంస్కృతిక కార్యదర్శి బ్రహ్మయ్య మణిని స్టేజీ పక్కన పట్టుకున్నాడు.

"చూడమ్మా, రెండు హిట్ సాంగ్స్ కొట్టేసి దిగిపోండి. జనం డిన్నర్ మూడ్‌లో ఉన్నారు."

"మేము మా పాటలే పాడతామని మెయిల్‌లో చెప్పాం కదండీ."

"చెప్పారు. నేను సీరియస్‌గా తీసుకోలేదు."

"ఇప్పుడు తీసుకోండి," అని మణి మెట్లెక్కేసింది.

మొదటి పాటకు ఎవరూ ప్లేట్ల మీంచి తలెత్తలేదు. రెండోది ఎగ్జిట్ పాట. ఫెబీ 'మళ్లీ' అనబోయి 'మల్లీ' అన్నది. ముందు వరసలో నవ్వులు. ఎవడో "మల్లీ, జాజీ!" అని అరిచాడు. ఫెబీ మైకు ముందు నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది. ఇదే అదననుకున్నాడేమో, బ్రహ్మయ్య సౌండ్ అబ్బాయికి సైగ చేశాడు. మైకులు చచ్చిపోయాయి. సింథసైజర్ స్పీకర్ కూడా మూగబోయింది.

ఎవాన్ మాత్రం ఆపలేదు. డ్రమ్స్‌కు కరెంటుతో పనేముంది? వాడి కళ్లు మణినే చూస్తున్నాయి.

మణి చచ్చిన మీటల మీంచి చేతులు తీసేసింది. ఆమె ఎప్పుడూ నలుగురిలో పాడింది లేదు. తనది కాకి గొంతని తనకు తెలుసు. నడిచి వెళ్లి ఫెబీ పక్కన నిలబడింది.

"అక్కా, ఐ కాంట్. వాళ్లు నవ్వుతున్నారు," అంది ఫెబీ.

"నవ్వనీ. 'మల్లీ' అనే పాడు. నేనూ అలాగే అంటా."

ఇద్దరూ అరిచి పాడారు. నరసాపురంలో పుట్టిన మణి, 'ళ' నాలుక చివర ఉన్న మణి, ప్రతి చరణంలోనూ ఒత్తి ఒత్తి 'మల్లీ' అన్నది. వెనక బల్లల దగ్గర విసుగ్గా కూర్చున్న హైస్కూలు పిల్లలు ముందు తలలు తిప్పారు, తర్వాత లేచారు. అలా మాట్లాడినందుకే ఇళ్లలో రోజూ నవ్వులపాలయ్యే పిల్లలు వాళ్లు. స్టేజీ ముందుకొచ్చి 'మల్లీ' దగ్గర గొంతు కలిపారు. పాట పూర్తయ్యేదాకా ముగ్గురూ దిగలేదు.

ఆ తర్వాత ఏ సంఘమూ వాళ్లను పిలవలేదు. కబురు చర్చికీ చేరింది. ప్రార్థన అయ్యాక పాస్టర్ ఏసుపాదం మణిని ఆగమన్నాడు.

"అంత మంది పెద్దల ముందు అంత మొండితనం అవసరమా తల్లీ?"

"అవసరమే అయ్యగారూ. మన పిల్లను చూసి నవ్వారు."

ఆయన పాటల పుస్తకం చంకలో పెట్టుకున్నాడు. "ఆ పాట సంగతి నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. వచ్చే ఆదివారం మాత్రం తొందరగా రా, కొత్త కీర్తన ఉంది," అన్నాడు.

అసలు పరీక్ష మూడేళ్ల తర్వాత వచ్చింది. ఆస్టిన్‌లో ఓ చిన్న రికార్డు కంపెనీ మనిషి వాళ్లు సొంతంగా వేసుకున్న మొదటి సీడీ విని కబురు పెట్టాడు. ట్యూన్లు అద్భుతం, ఇంగ్లీషులో పాడితే ఆల్బం తానే వేస్తానన్నాడు. ఫెబీ ఎగిరి గంతేసింది. మణి వద్దంది.

"ఇంకో చాన్స్ రాదక్కా! నేను ఇంగ్లీష్‌లో బెటర్‌గా పాడతా. నీకు తెలుసు."

"తెలుసు. నువ్వు వెళ్లి పాడు, నేను ఆపను. ఆ ట్యూన్లు మాత్రం ఇవ్వను. అవి తెలుగు మాటల మీద పుట్టాయి."

ఫెబీ కోపంగా వెళ్లిపోయింది. ఆస్టిన్‌లో వేరే బ్యాండుతో ఏడాది పాడింది. ఆ ఏడాదంతా మణి తన కాకి గొంతుతోనే పక్క ఊరు డెంటన్‌లోని బార్లలో పాడింది, ఎవాన్ వాయించాడు. ఒకసారి వినేవాళ్లకంటే గోడ మీది టీవీలే ఎక్కువ. అయినా వాయించాల్సిన పాటల్లో ఒక్కటీ తగ్గించలేదు. ఒక సాయంత్రం ఫెబీ చెప్పాపెట్టకుండా స్టోరేజ్ గదికొచ్చి, షట్టర్ పైకెత్తి, మైకు ముందు నిలబడింది. "అక్కడ నేను బాగానే పాడాను. బట్ నాకు బోర్ కొట్టింది," అంది. మణి సింథసైజర్ మీద శ్రుతి ఇచ్చింది.

రెండువేల పదిహేనులో మూడో ఆల్బం వచ్చింది. పేపర్లు పట్టించుకోలేదు. డెంటన్‌లో ఓ చిన్న హాలు తీసుకుని తామే విడుదల పెట్టుకున్నారు. కుర్చీలు సగం ఖాళీ. కాలేజీ రేడియో నుంచి వచ్చిన అమ్మాయి మైకు చాపి, పద్నాలుగేళ్లు కూడా నిండని మొహంతో, ఇంత తక్కువ మంది కోసం ఇంకా ఎన్నాళ్లు వాయిస్తారని అడిగింది.

"నాకు విసుగు పుట్టేదాకా," అంది మణి. "ఇంకా పుట్టలేదు. పక్కకు జరుగమ్మా, ఆ స్పీకర్ గట్టిగా మోగుతుంది."

ఎవాన్ కర్రలు కొట్టి లెక్క పెట్టాడు. ఫెబీ తలెగరేసింది.